తెర దాటించిన కేక

"కోడలా, కూరలో ఉప్పెంత?"

వంటింట్లోంచి అత్త అరుపు. ఉపవాసంలో రుచి చూసే వీల్లేదు. ఈ ఇంట్లో ఉప్పు అంచనా కోడలి చేతికే తెలుసు.

తెర వెనక ఆమె అల్లాను వేడుకుంటున్న దుఆ మధ్యలో ఆపి, "గుప్పెట్లో సగం, అత్తయ్యా" అంది. మళ్లీ మొదటికెళ్లింది.

రంజాన్ చివరి రోజులు. లోకాన్ని వదిలి ఆరాధనలో కూర్చునే ఏతెకాఫ్ మగవాళ్లకు మసీదులో, ఆమెకు ఇంట్లోనే ఓ మూల. బీరువాకూ కిటికీకీ మధ్య పాత దుప్పటి కట్టుకుంది. తప్పనిసరైతే తప్ప అది దాటకూడదు, దాటితే చెడిపోతుంది. పెళ్లయ్యాక తనకోసమంటూ ఆమె భర్తను అడిగింది ఇదొక్కటే. "కూర్చోవే, ఎవరొద్దన్నారు? అమ్మ ఉందిగా" అన్నాడు.

అడిగింది తన తల్లి కోసం. తల్లి పోయి ఏడాది కాలేదు. ఆ రోజు పుట్టింటి నిండా జనం, ఆమె చేతినిండా టీ గ్లాసులు. "పెద్దకూతురివి, నువ్వే కూలబడితే ఎలా?" అన్నారెవరో. తిరిగొచ్చిన రోజు గుమ్మంలోనే ఈయన, "హమ్మయ్య, వచ్చావా! హోటల్ తిండితో కడుపు పాడైపోయింది" అన్నాడు. బ్యాగు దించి బియ్యం కడిగింది. అంతే, ఏడవడానికి వేళ కుదరలేదు. ఈ మూలలోనైనా అమ్మ కోసం ఒక్క దుఆ తెగకుండా అడగాలని ఆశ.

తెర గుడ్డదే, గోడ కాదుగా. నా చొక్కా ఏది? గ్యాసతను వచ్చాడు, డబ్బులెక్కడ? అన్నీ ఆ దుప్పటిలోంచే దూరి వచ్చేవి.

ఆ సాయంత్రం ఆయనే వచ్చి నిలబడ్డాడు.

"మా షాపు ఓనరు ఇఫ్తార్‌కి వస్తున్నాడు. అమ్మ వంట ఆయన ముందు పెడితే నా పరువు పోతుంది. ఒక్క గంట లేచి రా."

"లేస్తే చెడిపోతుందండీ."

"అల్లా అర్థం చేసుకుంటాడే. ఓనరే అర్థం చేసుకోడు!"

ఆమె కదల్లేదు. అడుగుల చప్పుడు వంటింటివైపు వెళ్లింది.

"అమ్మా! నూనె! కాలిపోయిందమ్మా!"

కూతురి కేక. ఒక్క గెంతులో తెర దాటింది. వంటింట్లో పిల్ల గోడకు అతుక్కుని నిలబడి ఉంది. ఒంటిమీద నూనె చుక్క లేదు. పక్కన ఆయన నవ్వుతున్నాడు.

"చూశావా, పరిగెత్తుకొచ్చావు! ఎలాగూ చెడిపోయిందిగా, ఇక గరిటె పట్టు."

"నాన్నే అరవమన్నాడమ్మా."

ఆమె పిల్లను తల నుంచి పాదాల దాకా తడిమి చూసింది. స్టవ్ ఆర్పింది. పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది.

"ఎక్కడికే? ఓనరుకేం చెప్పను?"

"ఉపవాసం ఉండి, కన్నబిడ్డ చేత అబద్ధం ఆడించానని చెప్పండి. మీ ఉపవాసం ఏమైందో మీరు చూసుకోండి. నా ఏతెకాఫ్ నేను మళ్లీ మొదలుపెట్టుకుంటాను."

అత్త కొడుకు వంక చూసింది.

మూలలో పిల్లను ఒళ్లోకి తీసుకుని ఆమె తెర లాగింది. "అమ్మమ్మ కోసం అడుగుదాం" అని చేతులెత్తింది. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో, ఏడుపు వచ్చింది.

గేటు ముందు కారు ఆగింది. "ష్! వినపడుతుందే!" తెర అవతల ఆయన బతిమాలుతున్నాడు.

ఆమె గొంతు తగ్గించలేదు.