అనుకోండి మాస్టారు

హనుమంతరావు మాస్టారికి లెక్కలొచ్చు, వ్యాకరణమొచ్చు, ఎక్కాలు ఇరవై దాకా వెనకనుంచి కూడా వచ్చు. బొమ్మ గియ్యడం మాత్రం రాదు. రాదంటే వినయానికి అనే మాట కాదు. కొల్లేటి ఒడ్డున కొంగలంక ఎలిమెంటరీ స్కూల్లో చేరిన కొత్తల్లో ఒకసారి బోర్డు మీద ఆవును గీశారు. ముందు వరసలో కూర్చున్న పిల్లాడు లేచి, "మాస్టారండీ, పందికొక్కుకి కొమ్ములుంటాయాండీ?" అని అడిగాడు. వెటకారం కాదు, పాపం వాడికి నిజంగానే సందేహం వచ్చింది. ఆ రోజు తుడిచేసిన ఆవును మాస్టారు తర్వాత పదహారేళ్ళలో మళ్ళీ గియ్యలేదు.

అలాగని పాఠం ఆగుతుందా? ఆయనో ఉపాయం కనిపెట్టారు. బోర్డు మీద స్కేలు పెట్టి చక్కగా ఒక డబ్బా గీస్తారు. అందులో ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఆవు' అని రాస్తారు. "ఇది ఆవనుకోండి," అంటారు. పక్కన ఇంకో డబ్బా గీసి, "ఇది గడ్డి అనుకోండి. ఆవు గడ్డి తింది," అంటారు. ఏనుగైనా డబ్బాయే, రైలైనా డబ్బాయే, హిమాలయాలైనా డబ్బాయే. కాకపోతే హిమాలయాలకు కాస్త పెద్ద డబ్బా. ఊరంతా ఆయనకు 'అనుకోండి మాస్టారు' అని పేరు పెట్టుకుంది. ఈ సంగతి ఒక్క ఆయనకే తెలియదు. తెలియదని మనమూ అనుకుందాం.

ఇలా హాయిగా సాగిపోతున్న మనిషి మీదికి రెండువేల నాలుగు ఫిబ్రవరిలో ఒక సర్క్యులర్ వచ్చిపడింది. దాన్ని చేత్తో పట్టుకొచ్చింది హెడ్‌మిస్ట్రెస్ షంషున్నీసా గారు. ఆవిడది ఏలూరు తంగెళ్ళమూడి, తివాచీలు నేసే ఇల్లు. గొంతు పెంచడం ఆవిడకు తెలియదు. మెత్తగా మాట్లాడి పని చేయించుకోవడం మాత్రం బాగా తెలుసు.

"మాస్టారూ, ఇకమీదట ఏ సబ్జెక్టయినా పిల్లల చేతుల్తో ఏదో ఒకటి చేయించి చెప్పాలటండీ. తెలుగుకి బొమ్మలు, లెక్కలకి మట్టి, సైన్సుకి ఆకులూ అలములూ... మూడో తరగతి మీదే కదండీ?"

"నాదే అనుకోండి," అన్నారు మాస్టారు నీరసంగా.

"వచ్చే శుక్రవారం ఊళ్ళోవాళ్ళని పిలిచి ప్రదర్శన పెట్టాలి. ఎంఈవో గారూ వస్తారు. ఇంకో మాటండీ." ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "మీ క్లాసులో ఏడుగురిని జూన్ నుంచి కాన్వెంటు వ్యానెక్కిద్దామనుకుంటున్నారట. శుక్రవారం వచ్చి చూసి తేల్చుకుంటామని మంగాయమ్మ గారు చెప్పి వెళ్ళారు."

మంగాయమ్మ అంటే ఊళ్ళో పెద్ద దిక్కు. ఆవిడ మనవరాలు చంద్రకళ మూడో తరగతిలోనే ఉంది. ఆ పిల్ల వ్యానెక్కితే వెనకాల ఆరుగురూ ఎక్కుతారు. ఏడుగురు తగ్గితే బడికి రెండో పోస్టు ఉండదు. ఆ రెండో పోస్టే హనుమంతరావు మాస్టారు. ఆయన్ని ఏ అడవుల్లోకో బదిలీ చేసేస్తారు. దూరానికి కాదు ఆయన భయం. ఏ పిల్లకి కడుపునొప్పి నిజమో, ఏ పిల్లాడికి హోంవర్కు నొప్పో, మొహం చూసి చెప్పగలిగేటంతగా ఈ ఊరు ఆయనకు అలవాటైపోయింది. ఈ బడి వదిలి వెళ్ళడం ఆయనకు బొత్తిగా ఇష్టం లేదు.

అందుకే ఆ సాయంత్రం ఏలూరులో ఇంటికి వెళ్ళగానే చొక్కా విప్పి, పెరట్లో మట్టి కలిపి, ఏనుగును చెయ్యడానికి కూర్చున్నారు. గంటసేపు కుస్తీ పట్టారు. భార్య రత్నాంబ గారు కాఫీ గ్లాసుతో వచ్చి చూసి నిలబడిపోయారు.

"ఏవండీ, ఇప్పుడు మట్టి పొయ్యి ఎందుకండీ? గ్యాసుంది కదా!"

"ఏనుగే ఇది!"

"అలాగా. తొండం బాగా కుదిరిందండీ."

"అది కాలు."

రత్నాంబ గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత చాలాసేపు వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపించలేదు, నవ్వే వినిపించింది. కాలో తొండమో తేలని ఆ ఏనుగును మాస్టారు మళ్ళీ మట్టిలో కలిపేశారు.

మర్నాడు తిన్నగా పెయింటర్ యోసేపు కొట్టుకి వెళ్ళారు. ఏలూరులో సగం సైన్‌బోర్డులు, లారీల వెనక తామరపువ్వులు యోసేపు చేతి మీదుగా వచ్చినవే.

"యోసేపూ, ఓ పెద్ద చార్టు కావాలి. చెరువు బొమ్మ. చూస్తే మూడో తరగతి పిల్లలు వేసినట్టుండాలి."

యోసేపు బ్రష్షు కింద పెట్టేశాడు. అతని మనసు నొచ్చుకుంది. "ముప్ఫై ఏళ్ళ చెయ్యండి మాస్టారూ. చెడగొడదామన్నా చెడదండి," అన్నాడు.

అన్నట్టే చెడలేదు. గుండ్రటి చెరువు, నిండా తామరలు, రెండు హంసలు, బిందె చంకన పెట్టుకున్న ఒకావిడ, వెనకాల కొండ, కొండ మీద అస్తమిస్తున్న సూర్యుడు. కొంగలంకవాళ్ళు కొండను చూడాలంటే ద్వారకా తిరుమల దాకా పోవాలి. హంసను చూడాలంటే ఎక్కడికి పోవాలో యోసేపుకే తెలియాలి. అయినా మాస్టారికి ఆ చార్టు ఎంత నచ్చిందంటే, మోపెడ్ మీద చుట్టిపెట్టి తెస్తూ దారిలో రెండుసార్లు ఆగి విప్పి చూసుకున్నారు.

బడిలో అప్పటికే సందడిగా ఉంది. ఖాళీగా ఉంటే పిల్లలు అల్లరి చేస్తారని, మాస్టారు ముందురోజే, "మీరూ మట్టితో ఓ చెరువు చెయ్యండర్రా. గుండ్రంగా గుంట తవ్వడమే కదా, సులువు," అని చెప్పి ఉన్నారు. మేడమ్ గారు ఏలూరు నుంచి తివాచీ నేతలో మిగిలిన రంగు రంగుల ఉన్ని ముక్కలు సంచీడు తెచ్చి వాళ్ళ ముందు పోశారు. ఇంకేం, వంటషెడ్డు వెనకాల ముప్ఫై చేతులు మట్టిలో ఉన్నాయి.

మాస్టారు వెళ్ళి చూశారు. చూసి తెల్లబోయారు. నాలుగు మూలలు, నాలుగు గట్లు, స్కేలు పెట్టి కోసినట్టు తిన్నగా ఉన్నాయి.

"ఇదేంటర్రా? ఇటికబట్టీయా?"

"చెరువండీ," అంది చంద్రకళ మోచేతుల దాకా బురదతో.

"చెరువంటే గుండ్రంగా ఉంటుందే పిల్లా. పుస్తకంలో చూళ్ళేదూ?"

"పుస్తకంలో చూశామండి. కానీ మాకెవరికీ గుండ్రటి చెరువు లేదండీ."

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. కొంగలంకలో చెరువంటే చేపల చెరువే. ఊరి చుట్టూ ఎటు చూసినా అవే, అన్నీ నలుచదరంగా తవ్వినవే. పదహారేళ్ళుగా మాస్టారి మోపెడ్ రోజుకు రెండుసార్లు వాటి గట్ల మధ్యనుంచే వచ్చి పోతోంది. అయినా ఆయన మనసులో చెరువు అనగానే రెండో తరగతి వాచకంలోని గుండ్రటి చెరువే మెదులుతుంది. చదువుకున్నవాళ్ళకు ఈ ఇబ్బంది ఉంది.

"సరేలే, దాని మీద గోనెపట్టా కప్పేయండి. ఎంఈవో గారు చూస్తే నవ్వుతారు," అని, చార్టు విప్పి గోడకు తగిలించారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. మాస్టారు గొంతు సవరించుకుని, "ఇదిగో, శుక్రవారం ఎవరైనా అడిగితే... ఇది మనమే వేశామనుకోండి," అన్నారు.

పిల్లలు బుద్ధిగా తలలూపారు. అనుకోవడం వాళ్ళకు కొత్తా ఏమిటి?

శుక్రవారం రానే వచ్చింది. ఊరు ఊరంతా కదిలింది. మంగాయమ్మ కొత్త నేతచీర కట్టుకొచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. ఎంఈవో అహరోను గారు కళ్ళజోడు తుడుచుకుంటూ చార్టు దగ్గర ఆగారు. ఆగి చాలాసేపు చూశారు.

"అబ్బో! ఎవరు వేశారమ్మా ఇది?" అని చంద్రకళను అడిగారు.

చంద్రకళ చార్టు వైపు చూసింది.

"మీరేనా?"

చంద్రకళ అబద్ధమాడే పిల్ల కాదు. మాస్టారి మాట జవదాటే పిల్లా కాదు. రెండూ ఆలోచించుకుని చేతులు కట్టుకుంది.

"మేమే వేశామనుకోండి సార్."

మంగాయమ్మ పకపకా నవ్వింది, ఆవిడ వెనక ఊరంతా నవ్వింది. షంషున్నీసా గారు హాజరుపట్టీ మొహానికడ్డం పెట్టుకున్నారు. మాస్టారు సిగ్గుతో చచ్చిపోయారు. వ్యాను, ఏడుగురు పిల్లలు, అడవిలో బడి, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఇక దాచి లాభం లేదనుకున్నారు.

"పిల్లల తప్పేం లేదండీ, తప్పు నాది. ఆ బొమ్మ ఏలూరులో వేయించుకొచ్చాను," అన్నారు తల వంచుకుని. "నాకు... నాకు బొమ్మలు గియ్యడం రాదండీ."

"ఆయ్, మాకు తెలుసండీ!" అంది ఊరు ఊరంతా ఒక్క గొంతుతో.

పదహారేళ్ళ రహస్యం అలా అయిపోయింది. ఎంఈవో గారు నవ్వాపుకుని, "సరే. మరి మీ చేతుల్తో మీరు చేసిందేదీ లేదా అమ్మా?" అన్నారు.

చంద్రకళ మాస్టారి వైపు చూసింది. ఆయన తలూపారు. అంతే, పిల్లలు వంటషెడ్డు వెనక్కి పరుగెత్తి గోనెపట్టా లాగేశారు. ఊరంతా వాళ్ళ వెనకే వెళ్ళింది.

నాలుగు గట్ల మధ్య నిజం నీళ్ళున్నాయి. పెన్ను గొట్టంతో తూము పెట్టారు. అగ్గిపుల్లలు పాతి, వాటికి గుడ్డముక్కలతో చేపల మేత సంచులు కట్టి, అందులో చిటికెడు తవుడు కూడా పోశారు. నీళ్ళ మీద అట్టముక్కలకు ఉన్ని చుట్టిన చేపలు తేలుతున్నాయి. ఒక్కోదాని పక్కన అట్ట మీద పేర్లు: బొచ్చె, శీలావతి, కొరమీను. గట్టు చుట్టూ ఎర్ర ఉన్నిదారం ఉంది.

మంగాయమ్మ ముందుకొచ్చింది. వంగి చూసి, "ఓర్నాయనో! ఈ మూల గట్టు కుంగిపోయింది చూడండి. ఇది మా చెరువే!" అంది.

"ఈ దారం ఎందుకమ్మా?" అడిగారు ఎంఈవో గారు.

"చుట్టుకొలతండీ. గట్టు మీద బయలుదేరి, మళ్ళీ బయలుదేరిన చోటికే వచ్చేదాకా నడిస్తే అదే చుట్టుకొలతని మాస్టారు చెప్పారండి. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. మొత్తం పధ్నాలుగడుగులండి. దారం పెట్టి కూడా చూశాం, సరిపోయింది."

మంగాయమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "అయితే చెప్పవే, మన పెద్ద చెరువు చుట్టూ వల కట్టాలంటే ఎంత కావాలి? రెండొందల గజాల పొడవు, నూటయాభై వెడల్పు."

చంద్రకళ కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. మాస్టారి పెదాలు కూడా ఆ పిల్లతో పాటే కదిలాయి.

"ఏడొందల గజాలు నాయనమ్మా."

మంగాయమ్మ వెనక్కి తిరిగి చిన్నకొడుకును వెతికి పట్టుకుంది. "ఏరా, మొన్న వెయ్యి గజాలు తెచ్చావు కదరా!"

కొడుకు ఎంఈవో గారి వెనక్కి తప్పుకున్నాడు. ఈసారి జనం నవ్వింది మాస్టారిని చూసి కాదు.

"మాస్టారండీ," అంది మంగాయమ్మ, "మా వోడికి లెక్కలు చెప్పింది కూడా మీరేనా?"

"ఆయ్, నేనే అనుకోండి. కానీ ఆ రోజుల్లో మట్టీ దారం లేవండీ. బోర్డు మీద చెప్పాను, అతను కిటికీలోంచి చేపలు చూస్తూ కూర్చున్నాడు."

"అదే మరి! ఒరే, ఆ వ్యానోడికి కబురెట్టు, మా ఊరు రావక్కర్లేదని."

ఆనందమో ఏడుపో మాస్టారికే తెలియలేదు. ఎంఈవో గారు ఆయన భుజం తట్టి, "ఆ లెక్కను బోర్డు మీద వేసి అందరికీ చెప్పండి మాస్టారూ. చెరువు బొమ్మ కూడా గియ్యండి," అన్నారు.

గియ్యండి అనేసరికి మాస్టారి ప్రాణం ఉసూరుమంది. అందరూ లోపలికి వచ్చి కూర్చున్నారు. మాస్టారు స్కేలు తీసుకుని, తనకు తెలిసిన ఒకే ఒక్క బొమ్మను గీశారు. డబ్బా. నాలుగు గీతలు, నాలుగు మూలలు. మధ్యలో ముత్యాల్లాంటి అక్షరాలతో 'చెరువు' అని రాశారు. పదహారేళ్ళ అలవాటు కదా, నోరు దానంతటదే తెరుచుకుంది.

"పిల్లలూ, ఇది చెరువనుకో..."

చంద్రకళ లేచి నిలబడింది.

"అనుకోవక్కర్లేదండీ మాస్టారూ. అది చెరువేనండి."

మాస్టారు చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపే నిలబడిపోయారు. ఇటు తిరిగితే కళ్ళు తుడుచుకోవాల్సి వస్తుందని, ఆ చెరువు చుట్టుకొలత మొత్తం అటు తిరిగే చెప్పారు.