అచ్యుతరామయ్యగారి టీకా

మా ఆయన అచ్యుతరామయ్యగారు యూనివర్సిటీలో తెలుగు చెబుతారు. ఇంటికి వచ్చినవాళ్లని "కూర్చోండి" అనరు, "ఆసీనులు కండి" అంటారు. పాలవాడితో కూడా అంతే. అలాంటి మనిషి ఏళ్ల తరబడి గది తలుపు వేసుకుని ఒక పాత ప్రబంధానికి టీక రాశారు. పద్యంలో ఉన్న ప్రతి మాటనీ విడదీసి, దాని అర్థమేమిటో, అది ఎప్పుడు పుట్టిందో, ఎక్కడెక్కడ తిరిగి ఇక్కడికి చేరిందో రాయడమన్నమాట. దీన్ని ఎవరు చదువుతారండీ అని అడిగితే "కాలం" అన్నారు. కాలానికి అంత తీరుబడి ఉందా అని అడగబోయి మానేశాను.

ఆ టీకను నలుగురికీ వినిపించాల్సిందేనని పట్టుబట్టినవాడు నాగేంద్ర. కడప నుంచి వచ్చి మా ఆయన దగ్గరే లెక్చరరుగా చేరాడు. క్యాంపస్‌లో సభ పెడితే ఎప్పుడూ వచ్చే ఆ ఐదారుగురే వస్తారనీ, వాళ్లలో ఇద్దరు నిద్రపోతారనీ అతనికి తెలుసు. అందుకని ఈసారి తార్నాక చౌరస్తా వెనక ఉన్న చిన్న హాలు మాట్లాడాడు. రిక్షాలో తిరుగుతూ సినిమాల గురించి మైకులో అరిచే బిక్షాన్ని పిలిచి, "ఆదివారం పొద్దున అచ్యుతరామయ్య సారు టీకా ఉంది, అందరూ రావల్లని చెప్పు" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. తెలుగు శాఖలో ఉన్నవాడికి ఆ మాటకి ఇంకో అర్థం ఉందని తోచదు మరి.

ఆ ఏడు, అంటే అరవై ఎనిమిదిలో, ఎండలు ముదరకముందే అంబర్‌పేట వైపు మశూచి కనిపించింది. మశూచి అన్నది పేపరు మాట. మా కోనసీమలో అమ్మవారు పోసిందంటారు. ఇక్కడ తల్లి పోసిందంటారు. మా ఆయన మటుకు స్ఫోటకం అంటారు. ఒక్క జబ్బుకి ఇన్ని పేర్లెందుకా అని నాకు భలే ఆశ్చర్యంగా ఉండేది. అసలు పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందేమోనని ఎవరికి వాళ్లు ఒక చాటు పేరు పెట్టుకుని ఉంటారు.

మా ఇంట్లో గిన్నెలు తోమే బాలలక్ష్మికి పేర్లతో పని లేదు. ఆమెకు పాలు మరవని కొడుకున్నాడు. వాళ్ల గల్లీలోనే ఒక పిల్లకి తల్లి పోసింది. ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారు. తన పిల్లవాడికి టీకా వేయించాలని బాలలక్ష్మి తాపత్రయపడుతోంది. అత్త రాములవ్వ ససేమిరా అంటోంది. టీకాలవాళ్లు గల్లీలోకి వచ్చిన రోజున ముసలమ్మ మనవణ్ని చాటలో పడుకోబెట్టి, పైన పాత చీర కప్పి, బియ్యం చెరుగుతున్నట్టు కూర్చుందట. ఆ వేషం తలుచుకుంటే నాకు నవ్వొచ్చింది గాని, బాలలక్ష్మి నవ్వలేదు.

"గీ ఐతారం మా అత్త మౌలాలి గుట్టకు మొక్కనీకి పోతదమ్మా," అంది. "గా ఒక్క పూటనే నాకు దొరికేది. టీకాలోళ్లు ఏడుంటరో జర కనుక్కోండ్రి. బాబుకేమన్న అయితే నేను బతకనమ్మా."

కనుక్కుంటానన్నాను. ఈలోగా బిక్షమే ఆమెకి జవాబు చెప్పేశాడు. ఆ సంగతి నాకు తెలియదు. రెండు రోజులపాటు అతను ఊరంతా తిరిగి అరిచింది ఇదట: "తార్నాక ప్రజలారా! ఐతారం పొద్దుగాల యూనివర్సిటీ పెద్దసారు టీకా! పిల్లలను తీస్కోని రండ్రి! బిల్కుల్ ముఫ్త్! పైస ఖర్చు లేదు!"

ఆదివారం నాడు హాలు గుమ్మం దగ్గర మా ఆయన నిలువునా ఆగిపోయారు. లోపల జనం. కుర్చీలు చాలక గోడల వెంట కూడా జనం. చంకల్లో పిల్లలు. మగవాళ్లంతా చొక్కా చేతులు పైకి మడుచుకుని ఉన్నారు. ఉక్కపోతకి కాబోలనుకున్నాను. "చూశావా విశాలాక్షీ, జనం మీద నీకెప్పుడూ చులకనే," అన్నారాయన. ఆ కళ్లలో నీళ్లు. అన్నేళ్లలో ఆయనంత సంతోషంగా ఉండగా నేను చూడలేదు.

ఆయన మంగళశ్లోకం చదివారు. జనం దండం పెట్టారు. అప్పుడు చౌరస్తాలో సైకిల్ షాపు నడిపే రాజలింగం లేచాడు.

"సార్, మీ టీకా నొప్పి అయితదా?"

మా ఆయన మురిసిపోయారు. "మొదట్లో కొంచెం ఇబ్బంది పెడుతుంది నాయనా. ఓర్చుకోవాలి."

"జ్వరమొస్తదా?"

"మా విద్యార్థుల్లో ఒకరిద్దరికి వచ్చింది."

"మచ్చ పడ్తదా మల్ల?"

"పడాలి! జన్మంతా ఉండిపోవాలి. లేకపోతే నేను పడ్డ శ్రమంతా దండగ కదా!"

జనం తలలూపారు. ఇంత బాగా ప్రశ్నలు అడిగే సభ క్యాంపస్‌లో ఏనాడూ దొరకలేదని ఆయన నాగేంద్రతో గొణగడం నాకు వినిపించింది. నాగేంద్ర ముఖం మాత్రం పాలిపోతోంది.

"ఎప్పుడు తయారు చేసిన్రు సార్?"

"మొదలుపెట్టి పదకొండేళ్లు అయింది," అన్నారు మా ఆయన గర్వంగా.

హాలంతా గొల్లుమంది. "పదకొండేండ్ల పాత మందా!" అని ఎవరో అరిచారు. పిల్లల తల్లులు లేచి నిలబడ్డారు. కుర్చీలు కదిలాయి. ఆ గలాటాలో బాలలక్ష్మి పిల్లవాణ్ని ఎత్తుకుని నా దగ్గరికి తోసుకుంటూ వచ్చింది. "అమ్మా, సూదేదమ్మా? మా అత్త మాపటికల్ల వచ్చేస్తది," అంది.

అప్పటికి గాని నాకు వెలగలేదు. నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. ఆమె ముఖం చూసేసరికి గొంతులోనే ఆగిపోయింది. ఇవాళ ఈ జనం చెదిరిపోతే ఆ పిల్లవాడికి ఇంకో రోజు దొరకదు.

ఆ ఉదయం క్యాంపస్ హాస్టలులో ఒక నర్సు టీకాలు వేస్తోందని నాగేంద్ర చెప్పాడు. సంగతి చెవిలో చెప్పగానే మా ఆయన కాగితాలు బల్ల మీద పెట్టేశారు. "విశాలాక్షీ, నువ్వు వెళ్లి ఆవిణ్ని పిలుచుకురా. వీళ్లని నేను ఆపుతాను."

"మీరా? ఆపడమా?" అన్నాను. ఆయన నోరు తెరిస్తే హాళ్లు ఖాళీ కావడమే గాని నిలవడం నేనెరగను. కాని వాదించే సమయం లేదు. నాగేంద్ర గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు, నేను బిక్షం రిక్షా ఎక్కాను. తప్పంతా తనదేనన్నట్టు బిక్షం రొప్పుతూ తొక్కాడు. మైకు నా ఒళ్లో ఉంది.

హాస్టలు వరండాలో కుర్రాళ్లు బారుగా నిలబడి ఉన్నారు. సభల్లో బల్లలు గుద్దే విద్యార్థి నాయకుడొకడు కళ్లు గట్టిగా మూసుకుని స్నేహితుడి చెయ్యి పట్టుకున్నాడు. టీకాలు వేసే నర్సు అన్నపూర్ణది అనంతపురం. చివర చిన్న చిన్న ముళ్లున్న బిళ్ల లాంటి దాన్ని భుజానికి ఆనించి ఒక్క తిప్పు తిప్పుతోంది, అంతే. సంగతి చెబితే ఆమె కూడా నవ్వింది.

"ఇంగ నలుగురే ఉండారమ్మా. వస్తా పదండి. కలిపిన మందు ఎట్లాగూ రేపటికి పనికిరాదు."

రిక్షాలో నా నోరు ఊరుకోలేదు. ఆ సీసాలో ఏముంది, ఎక్కడ పుడుతుంది, ఎవరు కనిపెట్టారు అని అడుగుతూనే ఉన్నాను.

"ఆవులకు కూడా అమ్మవారు వస్తాది గదా, పొదుగు మీద. ఆ జాతిదే ఇది. మనిషిని ఏమీ చెయ్యదు. దీనిని చూసినంక పెద్దదాన్ని ఒళ్లు గుర్తుపట్టి తరిమేస్తాది."

ఒళ్లు గుర్తుపట్టడమేమిటి? ఒంటికి జ్ఞాపకముంటుందా? ఎక్కడుంటుంది, భుజంలోనా? ఆమెకి కూడా తెలియదట. ఇప్పటికీ నాకు అది వింతే.

హాలు దగ్గరికి వచ్చేసరికి నవ్వులు వినిపించాయి. ఒక్కడూ కదల్లేదు! మా ఆయన వేదిక దిగి జనం మధ్యకి వచ్చి, ఎవరి పేరు వాళ్లు చెబితే ఆ మాట ఎక్కడిదో విప్పి చెబుతున్నారు. తార్నాక అంటే తీగ కట్టిన నాకా, అంటే దారి కాపలా గేటు, అయి ఉంటుందని చెప్పారట. "మరి గోల్నాక సార్?" "బిర్యానీ ఎక్కడిది సార్?" అని ఒకరి మీద ఒకరు పడుతున్నారు. అలా ఉంటుందని తెలిస్తే ఆయన పదకొండేళ్ల క్రితమే గదిలోంచి బయటికి వచ్చేవారు.

మేము లోపల అడుగు పెట్టామో లేదో వెనక నుంచి రాములవ్వ వచ్చింది. గుట్టకు పోయే దారిలో ఎవరో చెప్పారట. వస్తూనే కోడలి చేతుల్లోంచి పిల్లవాణ్ని లాక్కుంది.

"ఎవలు పెట్టిచ్చిన్రు గీ తమాషా? నా కొడుకులనిద్దరిని తల్లి గుంజుకపోయింది. మిగిలిన ఒక్కని కొడుకు వీడు. సూదులతోని మల్ల తల్లిని గెలుకుతరా?"

బాలలక్ష్మి గోడకి ఆనుకుని నోట్లో కొంగు కుక్కుకుంది. నాకు ముసలమ్మ మీద కోపం రాలేదు, భయమేసింది. ఆమె గుమ్మం దాటితే అయిపోయింది.

మా ఆయన ఆమెకి ఎదురుగా నేల మీద చతికిలబడ్డారు. ఆసీనులు కావడం కాదు, చతికిలబడటమే.

"అవ్వా, నేను సూది వేసేవాణ్ని కాను, పద్యాలు చెప్పేవాణ్ని. పెద్ద పద్యం ఒక్కసారిగా మీద పడితే పిల్లవాడు బెదిరిపోతాడు. అందుకని ముందే చిన్న ముక్క విడదీసి, ఇదిగో ఇలా ఉంటుందని చూపిస్తాను. తర్వాత అంత పద్యం ఎదురుపడినా వాడు గుర్తుపడతాడు, బెదరడు. నా టీకా అంతే. ఈ అమ్మాయి టీకా కూడా అంతేననుకుంటాను."

"ఏం ముక్క చూపెడ్తరు?" అంది రాములవ్వ.

"ఆవు మీదికొచ్చే తల్లిదట అవ్వా," అన్నాను నేను. ఆ సంగతి నాకు తెలిసి అప్పటికి అరగంట కూడా కాలేదు.

ముసలమ్మ ముఖం మారింది. "ఆవు మీదికొచ్చే తల్లా? గామె పెద్దతల్లికి ఏమైతది?"

ఈ ప్రశ్న అన్నపూర్ణ ట్రైనింగులో లేదు. ఆమె నా వైపు చూసింది, నేను మా ఆయన వైపు చూశాను. వావివరసల్లో ఆయన ఏనాడూ తడబడలేదు. "చెల్లెలు," అన్నారు.

"మరి చెల్లెను ఇంటికి పిలుస్తే మర్యాద చెయ్యరా?" రాములవ్వ హాలంతా కలియజూసింది. "వేపాకేది? పసుపేది? చెప్పుల కాళ్లతోని నిలబడ్డరు అందరు!"

ఒక్క క్షణంలో చెప్పులన్నీ బయటికి వెళ్లాయి. రాజలింగం పరిగెత్తుకెళ్లి వేపమండలు విరుచుకొచ్చి గుమ్మానికి కట్టాడు. వేసినచోట పసుపు పూయడానికి మాత్రం వీల్లేదని అన్నపూర్ణ చెబితే, సరే, గడపకు పూస్తానంది ముసలమ్మ. ఆ తర్వాత అసలు షరతు పెట్టింది. టీకా వేసుకున్న ప్రతి ఇంట్లోనూ పుండు ఎండేదాకా పోపు పెట్టకూడదు.

"తిరగవాత లేకుండా పప్పా?" అన్నాడు నాగేంద్ర.

"ఇంగువ తాలింపు కూడానా?" అన్నారు మా ఆయన దీనంగా.

ఒక్కొక్కరూ ఒక్కో పేరుతో ఏడ్చారు గాని, అందరూ ఒప్పుకున్నారు.

"ముందుగాల పంతులుకు," అంది రాములవ్వ. మా ఆయన చిన్నప్పుడు టీకాలవాళ్లు వస్తే అటకెక్కి దాక్కుని తప్పించుకున్న మనిషి. ఇప్పుడు అటక లేదు. కళ్లు మూసుకుని చెయ్యి చాపారు. అన్నపూర్ణ ఇంకా తాకనైనా తాకకముందే "అబ్బా" అన్నారు. హాలంతా నవ్వింది. రాములవ్వ కూడా నవ్వింది.

మనవణ్ని ఆమె కోడలికివ్వలేదు. తన ఒళ్లోనే కూర్చోబెట్టుకుని, "రా తల్లీ, చల్లంగ రా," అంటూ తనే వాడి చెయ్యి పట్టుకుంది. పిల్లవాడు కెవ్వుమని, ఆ వెంటనే అన్నపూర్ణ గాజుల కోసం చెయ్యి చాపాడు. బాలలక్ష్మి ఏడుస్తూ నా భుజం మీద తల పెట్టుకుంది. నాకూ ఏడుపాగలేదు.

రాములవ్వ పిల్లవాడి భుజం మీద ఆ చిన్న గుండ్రని గాటుని చాలాసేపు చూసింది.

"గింతేనా?" అంది. తర్వాత తలెత్తి అడిగింది. "బిడ్డా, గిది ఎప్పటిసంది ఉన్నది?"

అన్నపూర్ణ తల వంచుకుని చేతిలోని బిళ్లను తుడవసాగింది. జవాబు ఆమెకి తెలుసు. నాకూ తెలుసు. నన్ను మా అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని వేయించింది, ఆ మచ్చ ఇప్పటికీ నా భుజం మీద ఉంది. రాజలింగానికి నిజాం రోజుల్లోనే ఈ ఊళ్లోనే వేశారట, ఆ పాత మచ్చ మడిచిన చొక్కా చేతి కింద కనిపిస్తూనే ఉంది. ఏ వస్తువు ఎప్పుడు పుట్టిందని అడిగినా మా ఆయన ఏడాదితో సహా చెప్పందే ఊరుకోరు. భయం భయంగా ఆయన వైపు చూశాను.

"ఈమధ్యే వచ్చిందవ్వా," అన్నారు మా ఆయన. "పోయినేడు. కొత్తది."

"గట్లనా," అంది రాములవ్వ. మనవడి తల నిమిరింది. "గదే అనుకున్న. గప్పుడే ఉంటే ఎవలన్న నాకు చెప్పకపోదురా."

రాజలింగం మెల్లగా చొక్కా చేతులు దించుకున్నాడు. నేను పమిట భుజం మీదికి లాక్కున్నాను.