పెద్దమనిషి కోడె

జహీరాబాద్ బజారులో తిరిగే పశువులను పోలీసులు బందెలదొడ్డిలో పెట్టేవారు. ఎమ్మెల్యే గారి కోడెను మాత్రం చూసీ చూడనట్టు వదిలేసేవారు. ఒకరోజు ఆ ఊరి పేదరాలు బాలమణి ఆవు వాళ్లకు చిక్కింది. జుర్మానా సొమ్ము కట్టలేకపోతే ఆవును వేలం వేసేస్తారు, తన చంటిదానికి పాలెట్లా అని ఆమె ఏడుస్తూ పరుగెత్తింది.

దొడ్డిలో ఆవు పక్కనే కోడె! ఆవు వెంటబడి అదే లోపలికొచ్చింది. దొడ్డి కాపలా జవాను రామచందర్ ఆమెకు ఎదురు పరుగెత్తుకొచ్చాడు.

"ఎమ్మెల్యే సారుకు తెలిస్తే నా నౌకరి పోతది. జర దీన్ని బయటికి తోలక్కా!"

"నా ఆవు లేనిది అది కదుల్తదా అన్నా? మరి జుర్మానా?"

"జుర్మానా లేదు గిర్మానా లేదు, తోలుకపో తల్లీ!"

ఆవు నడిచింది. వెనుక కోడె, దాని వెనుక దొడ్డిలోని పశువులన్నీ. బజారంతా పకపకా నవ్వింది.

బాలమణీ నవ్వింది. అంతలోనే వెనక్కి తిరిగి కోడెను చూసింది: "అయ్యో, ఇది ఇంటిదాంక వస్తే గడ్డి యాడికెళ్లి తేవాలె?"