పూత వచ్చేదాకా

జనవరి ఆఖరి వారంలో మొదటి మొక్క చచ్చిపోయింది. నాలుగు రోజులకి రెండోది. గంజాయి మొక్కలు చచ్చాయని ఏడుస్తావే అని నలభై ఏళ్ళ క్రితం ఎవరైనా నాతో అని ఉంటే నాలుగు చీవాట్లు పెట్టి పంపేదాన్ని. అలాంటిది బేస్‌మెంట్ మెట్ల మీద కూచుని, ముక్కు చీదుకుంటూ, మిగిలిన రెండు కుండీల వంక చూస్తూ ఉండిపోయాను.

మొదట్నుంచీ చెప్తాను. నా పేరు డార్కా. ముప్పై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపాను. నా గొంతు అందుకే ఇలా ఉంటుంది, మీతో తగాదా పడుతున్నానని అనుకోకండి. ఆయన పోయాక ఇంట్లో ఒక్కదాన్నే. మా అన్నయ్య నెస్టర్ ఇక్కడికి అరవై కిలోమీటర్ల దూరంలో, యార్క్‌టన్‌లో, ముసలివాళ్ళ వసతి గృహంలో ఉంటాడు. పొలం అమ్మేసి అక్కడికి చేరింది ఆస్పత్రి దగ్గరని. అతని కిడ్నీలు పాడై నాలుగేళ్ళయింది. మంగళ, గురు, శనివారాలు నాలుగేసి గంటలు డయాలసిస్ కుర్చీలో కూచోవాలి. ఉప్పు పూర్తిగా బంద్. నీళ్ళు కూడా కొలుచుకునే తాగాలి.

నవంబర్‌లో ఒక ఆదివారం నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు, టీ కప్పు కింద పెట్టి, పొరుగింటివాళ్ళ సంగతి చెప్తున్నట్టు చెప్పాడు.

"డార్కా, ఇంక ఆ కుర్చీలో కూచోను. డాక్టరుతో మాట్లాడాను. మానేస్తే వారం, మహా అయితే పది రోజులట. పెద్ద బాధ కూడా ఉండదట."

నోటికొచ్చినట్టు తిట్టాను. పిరికివాడన్నాను, స్వార్థపరుడన్నాను. అతను కిటికీలోంచి మంచు చూస్తూ కూచున్నాడు. తిట్టి అతన్ని మార్చడం మా అమ్మ వల్లే కాలేదు, నా వల్ల ఏమవుతుంది. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట ఊడిపడింది.

"నీ గింజలున్నాయి కదా. అవి నేను వేస్తాను. పూత వచ్చేదాకా ఆగు."

ఆ గంజాయి గింజల మీద మా ఇంట్లో జరిగిన గొడవలు అన్నీ ఇన్నీ కావు. పొద్దుతిరుగుడు చాళ్ళ మధ్య దాచి డెబ్భై ఎనిమిది నుంచీ పండించేవాడు. ఏటా శరత్తులో గింజ కట్టి దాచేవాడు. ఎనభై ఆరులో పోలీసులు వచ్చి ఒక్క మొక్క మిగల్చకుండా పీకేశారు, పద్దెనిమిది నెలలు జైల్లో పెట్టారు. తిరిగొచ్చేసరికి గింజల డబ్బా పిండి పీపాలో పదిలంగా ఉంది. దాచింది మా అమ్మ. నేను మాత్రం ఆ చెత్త నా గడప తొక్కడానికి వీల్లేదని పెళ్ళయిన రోజే చెప్పేశాను. ఇప్పుడు ఈ దేశంలో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చని చట్టమే అంటోంది, కానీ అతనుండే చోట ఒక్క కుండీ కూడా పెట్టనివ్వరు.

"నువ్వా?" అన్నాడు నెస్టర్. "ప్లాస్టిక్ పువ్వుల్ని కూడా ఎండబెట్టే రకానివి."

"నోర్ముయ్. ఆగుతావా, ఆగవా?"

చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. ఆ పూత వాసన ఇంకొక్కసారి చూస్తాను. అందాకా కుర్చీలో కూచుంటాను. ఆ తర్వాత మాత్రం నువ్వు అడ్డం పడకూడదు."

"పడను," అన్నాను. ఆ పూట గెలిచాననే అనుకుంటూ ఇంటికొచ్చాను.

అతనిచ్చిన డబ్బాలో పదకొండు గింజలున్నాయి. అన్నీ నానేస్తే నాలుగు మొలిచాయి. కింద బేస్‌మెంట్‌లో, ఊరగాయ సీసాల అరల పక్కన దీపం వేలాడదీసి, రోజుకి పద్దెనిమిది గంటలు వెలిగేలా టైమర్ పెట్టాను. మా క్రిస్మస్ దాకా, అంటే పాత పంచాంగం ప్రకారం వచ్చే జనవరి ఏడు దాకా, ముచ్చటగా పెరిగాయి. తర్వాత అడుగు ఆకులు పసుపెక్కాయి. అంచులు గోధుమరంగుకి మాడాయి. ఇంటర్నెట్‌లో చూస్తే ఆకలి, ఎరువెయ్యి అన్నారు. వేశాను. ఇంకా మాడాయి. దాహమేమోనని నీళ్ళు ఎక్కువ పోశాను. రెండు చచ్చాయి. ఈ రెండూ కూడా పోతే మళ్ళీ వేద్దామంటే గింజ లేదు, ఆగమని అన్నయ్యని అడగడానికి నా దగ్గర ఇంకో సాకూ లేదు. మెట్ల మీద కూచుని ఏడ్చింది అందుకు.

చివరికి సిగ్గు విడిచి ఫోన్ చేశాను.

"చంపేశావా?" అన్నాడు.

"సగమే."

"మాడిన ఆకు ఒకటి తీసుకురా. నీళ్ళు బాగా పోసి, కుండీ అడుగునుంచి కారినవి ఒక సీసాలో పట్టుకురా."

ఆదివారం పట్టుకెళ్ళాను. ఆకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. సీసా మూత తీసి వాసన చూశాడు. నేను వద్దనేలోగా వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకోసారి నాకాడు.

"ఉప్పు," అన్నాడు. "నాలుగేళ్ళుగా ముట్టనివ్వని సరుకు, పోల్చుకోలేననుకున్నావా? ఇంట్లో కొళాయి నీళ్ళేనా పోస్తున్నావు?"

"మరింకేం పోస్తాను? తోట కొళాయి చలికాలం మూసేస్తాంగా."

"తోట కొళాయికి ఉప్పు యంత్రం తగిలించలేదు. ఇంట్లోదానికి తగిలించాం. నెలకో బస్తా ఉప్పు ఆ యంత్రంలో పోసేది నువ్వే కదుటే."

నెత్తిన నీళ్ళు కుమ్మరించినట్టయింది. మా బోరు నీళ్ళు పెంకు కట్టేంత గట్టివి. అందుకని ఈ చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ ఉప్పుతో నీళ్ళని మెత్తబరిచే ఆ యంత్రం ఉంటుంది, ఆ ఉప్పు కొంత కొళాయి నీళ్ళలోకీ వస్తుంది. ఎండాకాలం మొక్కలకి బయటి కొళాయే వాడతాం కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. జనవరిలో మొక్కలు పెంచే పిచ్చిది ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే.

"అమ్మ మన తలలు దేంతో రుద్దేది?" అన్నాడు నెస్టర్.

మంచు. ప్రతి శనివారం పొయ్యి మీద పెద్ద గంగాళం నిండా మంచు కరిగేది. ఆ నీళ్ళల్లో సబ్బుకి ఎంత నురగ వచ్చేదో. ఎలా మర్చిపోయానో నాకే అర్థం కాలేదు.

ఆ మర్నాటి నుంచి మైనస్ ముప్పై చలిలో పెరట్లోకి వెళ్ళి బకెట్లలో మంచు కూరి మెట్లు దిగడమే పని. రాత్రంతా ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ పక్కన పెడితే పొద్దుటికి బకెట్‌లో పావు వంతు నీళ్ళు. మొదట కుండీల్లో ఉన్న ఉప్పంతా కొట్టుకుపోయేలా పోశాను, తర్వాత చెప్పినంతే పోశాను. మోకాళ్ళు పట్టేశాయి. మూడో వారానికి నడిమధ్య నుంచి కొత్త ఆకు వచ్చింది, పచ్చగా, చేతి వేళ్ళు విప్పినట్టు. అన్నయ్యకి ఫోటో పంపాను. "బతికింది," అని ఒక్క ముక్క రాశాడు. రెండింట్లో ఒకటి మగదని తేలింది, దాని పూత పనికిరాదని పీకేయమన్నాడు. ఆడది ఒక్కటే మిగిలింది. మార్చి నడిమికల్లా అది నా నడుం దాటింది.

అప్పుడు అన్నాడు. "ఇంక దీపం పన్నెండు గంటలకి తగ్గించు. బయటైతే పొద్దు దానంతట అదే తగ్గుతుంది. అక్కడ నువ్వు తగ్గిస్తేనే పూత. అక్కణ్ణించి తొమ్మిది వారాలు."

కిందికి వెళ్ళి టైమర్ మీద చెయ్యి వేశాను. తొమ్మిది వారాలంటే మే నెల. లైలాక్ పూలు వస్తాయి, నెస్టర్ వెళ్ళిపోతాడు. ముల్లు తిప్పేది నా వేలే. నవంబర్‌లో నేను గెలుచుకున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. చెయ్యి తీసేశాను.

సాయంత్రం ఫోన్‌లో అబద్ధమాడాను. "ఇప్పుడే కాదు అన్నయ్యా, కాడలు ఊదారంగుకి తిరిగాయి."

"నేల చల్లదనం. కుండీ కింద చెక్క పెట్టు. వారం ఆగి చూద్దాం."

వారం తర్వాత ఆకులు పడవల్లా పైకి మడుచుకున్నాయన్నాను. దీపం పైకి జరపమన్నాడు. ఆ తర్వాత మట్టిలో చిన్న ఈగలన్నాను. దానికి రెండు రోజులు ఆలోచించి, పచ్చి బంగాళదుంప ముక్క మట్టి మీద పెట్టి, ఈగ పిల్లలు దాని కిందికి చేరాయేమో పొద్దున్నే ఎత్తి చూడమన్నాడు. ఏ జబ్బూ లేని మొక్క దీపానికి తల ఆనించి నిలబడితే, దాన్ని తాడుతో వంచి కట్టి, పైకి వచ్చి కొత్త జబ్బు వెతికేదాన్ని. పాపమే, కాదనను. కానీ అతని గొంతు మీరు వినలేదు. ఆరింటికి నేను ఫోన్ చేయడం పోయి, అయిదున్నరకే అతను చేసేవాడు. "ఏమంటోంది మన రోగి?" అనేవాడు. నన్ను మొద్దు అనేవాడు, గుడ్డిదాననేవాడు, గట్టిగా నవ్వేవాడు. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో.

ఏప్రిల్ పోయింది. మే మొదటి వారంలో, ఆకుల అడుగున సాలీడు పురుగులు పట్టాయన్నాను.

అతను వెంటనే అడిగాడు. "ఈగలు పోయాయా?"

"లేదు, అవీ ఉన్నాయి."

"ఆదివారం వచ్చేటప్పుడు ఒక ఆకు తీసుకురా."

శనివారం ఆ మొక్క ముందు నిలబడి చూస్తే తెంపడానికి ఒక్క జబ్బు ఆకు లేదు. మంచి ఆకు ఒకటి తెంపి, గిన్నెలో ఉప్పునీళ్ళు కలిపి అందులో పడేశాను. పొద్దుటికి అంచులు నల్లబడి వడలిపోయింది. ఆరబెట్టి, కాగితంలో చుట్టి తీసుకెళ్ళాను.

నెస్టర్ ఆకు తీసుకున్నాడు. ఈసారి వెలుతురులో పెట్టి చూడలేదు. నా మొహం చూస్తూనే ఆకు అంచుని నాలిక్కి ఆనించాడు.

"మంచునీళ్ళు తాగిన మొక్కకి ఉప్పెక్కడిదే?"

నేను ఆకు చుట్టి తెచ్చిన కాగితాన్ని మడతలు పెట్టసాగాను.

"ఆ ఈగలు తడి ఎక్కువైతే వస్తాయి. ఆ పురుగు పొడి ఎక్కువైతే పడుతుంది. రెండూ ఒకే కుండీలో కాపురం చెయ్యవు. ముప్పై రెండేళ్ళు పిల్లల అబద్ధాలు విన్నదానివి, ఆ మాత్రం అల్లడం రాదా?"

"మొక్క ఎత్తెంతో చెప్పనా?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "దీపాన్ని దాటిపోయింది. వంచి కట్టాను. దానికి ఏ రోగమూ లేదు. నేనే తిప్పలేదు. నా వల్ల కాదు. నువ్వు పోతే నన్ను మొద్దు అనేవాళ్ళు ఎవరున్నారు?"

అతను కోప్పడతాడనుకున్నాను. చొక్కా చెయ్యి పైకి మడిచి నా ముందు పెట్టాడు. సూదులు గుచ్చి గుచ్చి నరం తాడులా ఉబ్బింది. నా వేలు పట్టుకుని దాని మీద ఉంచాడు. లోపల రక్తం రొద చేస్తోంది.

"ఊదారంగు కాడలన్నప్పుడు నమ్మాను. ఈగలన్నప్పుడు అనుమానపడ్డాను. అయినా ఊరుకున్నాను. నాకూ బాగానే ఉంది, నీ ఫోన్ కోసం చూడ్డం. కానీ డార్కా, కుర్చీలోంచి లేచిన రోజు ఇంటికొచ్చి పడుకోవడమే. మర్నాడు కాస్త మనిషినవుతాను. ఆ మర్నాడు మళ్ళీ కుర్చీ. నీతో మాట్లాడే ఆ గంట కోసం మిగతాదంతా లాగుతున్నాను. ఇంక లాగలేనే. అలిసిపోయాను."

ఆ గదిలో ఇద్దరం ఏడ్చాం. దాచుకోవడానికి ఏముంది. వచ్చేటప్పుడు తలుపు దగ్గర, "చెక్క మాత్రం తియ్యకు, నేల నిజంగానే చల్లగా ఉంటుంది," అన్నాడు.

ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా కిందికి దిగాను. ముల్లు పన్నెండుకి తిప్పాను.

అతను మాట తప్పలేదు. తొమ్మిది వారాలూ, మంగళ, గురు, శని, ఒక్క రోజు ఎగ్గొట్టలేదు. నేను కూడా ఒక్క అబద్ధం ఆడలేదు. తోట కొళాయి తెరిచాక ఆ నీళ్ళే పోశాను. తెల్లటి పోగులు వచ్చాయి, మొగ్గలు బరువెక్కాయి, పోగులు తుప్పురంగుకి తిరిగాయి. జూలైలో ఇల్లంతా అదే వాసన. నేను జన్మలో గడప తొక్కనివ్వనన్న వాసన నా కర్టెన్లకీ దిండ్లకీ పట్టింది. ఒక్క కిటికీ కూడా తియ్యలేదు.

మూడో ఆదివారం ఒక కొమ్మ కోసి, పాత దినపత్రికలో చుట్టి తీసుకెళ్ళాను. నెస్టర్ కాగితం విప్పి రెండు చేతులతో పట్టుకుని మొహం అందులో పెట్టాడు. చాలాసేపు ఎత్తలేదు.

"అదే," అన్నాడు. "డీజిలూ, పొలం గట్టు మీది సాస్కటూన్ పళ్ళూ. అదేనే." కొమ్మని దిండు పక్కన పెట్టుకున్నాడు.

మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ మోగింది. ఆ వేళకి అతను కుర్చీలో ఉండాలి.

"డార్కా, వచ్చేటప్పుడు ఉప్పు దోసకాయల సీసా ఒకటి తీసుకురా. అమ్మ పద్ధతిలో ఊరేసినవి."

"ఎప్పుడు రమ్మంటావు?"

"ఇప్పుడే."

అడ్డం పడనని మాటిచ్చాను కదా. కిందికెళ్ళాను. కొమ్మ కోసిన మొక్క అలాగే ఉంది. పక్క అరలో నిరుటి సీసాల్లో ఆఖరిది తీసి, తువ్వాల్లో చుట్టి, కారెక్కాను. దారిలో ఆవపూలు విరగబూసి ఉన్నాయి. అరవై కిలోమీటర్లూ ఏడుస్తూనే నడిపాను.

అతను చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, తల దువ్వుకుని, బల్ల దగ్గర కూచుని ఉన్నాడు. సీసా మూత తీస్తే సోయికూర, వెల్లుల్లి వాసన గదంతా వచ్చింది. పెద్ద కాయ చూసి తీసుకున్నాడు. కొరికాడు. గడ్డం మీదికి రసం కారింది, తుడుచుకోలేదు. మెల్లిగా, కళ్ళు మూసుకుని, పూర్తిగా నమిలి మింగాడు. తర్వాత నా వంక చూశాడు.

"ఉప్పు తక్కువేశావు," అన్నాడు.

నాలుగేళ్ళు ఉప్పు ఎరగని నాలుకకి అది తక్కువ కాదు. నన్ను రెచ్చగొట్టడానికే అన్నాడని నాకు తెలుసు. లేచి భోజనాల హాల్లోకి వెళ్ళాను. అక్కడ బల్లలు తుడుస్తున్న ఆవిడ నా చేతిలో ఉప్పు డబ్బా చూసి, ఏ గదికి తీసుకెళ్తున్నానో చూసి, మళ్ళీ బల్ల తుడవడంలో పడింది. తెచ్చి అన్నయ్య చేతికిచ్చాను.