పదకొండు నిమిషాల ఏకగ్రీవం

నేను పళ్ళ డాక్టర్ని. తీరిక దొరికితే నాకు ఇంకో పిచ్చి ఉంది. కంప్యూటర్ తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఒక ఉచిత ప్రోగ్రాం కోసం పనిచేస్తాను. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. జీతం లేదు, శాలువా లేదు. ఆరేళ్ళుగా అందరం తీరుబడిగా ఈమెయిళ్ళు రాసుకునేవాళ్ళం. జవాబు మూడు రోజులకు వచ్చేది, కానీ వచ్చేది.

ఈ మధ్య మెరుపు అని మేం పిలుచుకునే మహానుభావుడు పెత్తనం తీసుకుని అందరినీ చాట్ గ్రూపులోకి తోలాడు. పేరుకు తగ్గ వేళ్ళు ఆయనవి. నేను ఒక పన్నుకు మత్తు ఇచ్చేలోపు అక్కడ నూట నలభై మెసేజీలు పడేవి.

ఒక మంగళవారం జ్ఞానదంతం ఒకటి పీకి, చేతులు కడుక్కుని ఫోన్ తీశాను. పది గంటల పన్నెండు నిమిషాలకు మెరుపు అడిగాడు: "పాత కంప్యూటర్లను వదిలేద్దామా?" అంటే మా కొత్త ప్రోగ్రాం ఇక వాటిలో నడవదు. పది ఇరవైమూడుకి తనే తేల్చాడు: "ఎవరూ కాదనలేదు. మౌనం అర్ధాంగీకారం. ఖాయం." మధ్యలో 'సరే' అంటూ బోలెడన్ని బొటనవేళ్ళ బొమ్మలు, ఒక పిల్లి ఫోటో. ఆ పదకొండు నిమిషాలూ నా చేతులు ఇంకొకరి నోట్లో ఉన్నాయి.

నాకు వెంటనే అక్క గుర్తొచ్చింది. మా అక్కకు చూపు లేదు. లైబ్రరీలో ముందుబల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళకు ఏ పుస్తకం ఎక్కడుందో మా ప్రోగ్రాం సాయంతో చెబుతుంది. ఆమె కంప్యూటర్ పాతది. వచ్చే నెల లైబ్రరీ పుస్తకాల జాబితా మారుతోంది. దాన్ని మా కొత్త ప్రోగ్రామే చదవగలదు; అది ఆ పాత కంప్యూటర్‌లో నడవకపోతే అక్కను వెనకగదిలో అట్టలు అంటించే పనికి పంపిస్తామని ముందే చెప్పేశారు.

చాట్‌లో నా గోడు రాశాను. రాయడం పూర్తయ్యేసరికి చర్చ మా ప్రోగ్రాం గుర్తు ఏ రంగులో ఉండాలన్నదాని మీదికి పోయింది. నా మెసేజీకి ఎవరో బొటనవేలు పెట్టారు. అది మా అక్క ఉద్యోగానికో, నీలం రంగుకో నాకిప్పటికీ తెలియదు. ఒళ్ళు మండిపోయింది.

అక్కతో చెబితే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. "నన్నూ అందులో చేర్చరా. నేనే మాట్లాడుకుంటా."

చేర్చాను. అరగంట తర్వాత చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకేసింది. "ఒరేయ్, మీరు పనిచేస్తారా, మొహాలు పెట్టుకుంటూ కూర్చుంటారా?"

శనివారం గ్రూపు అంతా ఫోన్ కలిపి మాట్లాడుకునే రోజు. "ఒక్క నిమిషంలో చెప్పేయండి మేడమ్," అన్నాడు మెరుపు. అక్క కంప్యూటర్ స్పీకర్ దగ్గర ఫోన్ పెట్టింది. మా ప్రోగ్రామే, మేం ఆరేళ్ళు సానపట్టిన గొంతుతో, మంగళవారం నాటి మా కబుర్లు చదవడం మొదలుపెట్టింది.

"పాత కంప్యూటర్లను వదిలేద్దామా. బొటనవేలు. బొటనవేలు. పకపకా నవ్వే పసుపు మొహం. ఫోటో. ఎవరో టైపు చేస్తున్నారు. బొటనవేలు. చప్పట్లు. పకపకా నవ్వే పసుపు మొహం. ఎవరో టైపు చేస్తున్నారు..."

మొదట ఎవరో కిసుక్కుమన్నారు. రెండో నిమిషానికి నవ్వు ఆగిపోయింది. చదివి వినిపించే యంత్రాన్ని తయారుచేస్తూ, మా మాటలు దాని నోట ఎలా వినబడతాయో ఒక్కసారైనా వినాలని మాలో ఒక్కడికీ తోచలేదు. నాకూ తోచలేదు. సిగ్గేసింది.

ఏడో నిమిషం దాటినా అది "ఖాయం" దాకా రాలేదు. అక్క దాన్ని ఆపింది.

"నేను మౌనంగా లేనండీ," అంది. "ఇంకా వింటున్నా."

ఆ సాయంత్రం మెరుపు దగ్గరనుంచి అందరికీ ఈమెయిల్ వచ్చింది. చాట్ పిల్లి ఫోటోలకు; నిర్ణయాలకు ఈమెయిల్, వారం గడువు. పాత కంప్యూటర్ల సంగతి మళ్ళీ మొదటికొచ్చింది. అక్క నాలుగు పేజీల అభ్యంతరం రాసి పంపింది.

మూడు రోజులు ఆయన ఉలకలేదు, పలకలేదు. అక్క ధీమాగానే ఉంది కానీ నాకు నిద్ర లేదు. నాలుగో రోజు జవాబు వచ్చింది. బొటనవేలు పెట్టే వీల్లేక పాపం పూర్తి వాక్యాలు రాయాల్సి వచ్చింది.

"తప్పు నాదేనండీ. మీ బల్ల మీద ఆ కంప్యూటర్ నడిచినన్నాళ్ళూ మన ప్రోగ్రామూ అందులో నడుస్తుంది."

అక్క దాన్ని యంత్రంతో రెండుసార్లు చదివించుకుంది. మొదటిసారికే అర్థమైందట.