దీపావళి తలనొప్పి

కారు కోవిల్‌పట్టి దాటి పావుగంట కాకముందే జోతికి తను చేసిన తప్పు తెలిసొచ్చింది. తెలియజెప్పింది ఫోనులో, సభ ఏర్పాట్లు చూస్తున్న మామగారు దామోదరసామి.

“ఏమ్మా, ఎంత దూరం వచ్చినారు? ఈడ అంతా తయారు. మండపం గేటు కాడి నించి రోడ్డు మలుపు దాకా సరవెడి పరిచి పెట్టినాము, పత్తాయిరం వాలా! మీరు మలుపుకాడ కనపడినారంటే నేనే నిప్పు పెడతాను. అంత దూరం నించి వచ్చిన విరుందాళికి మరియాద ఉండొద్దా?”

పదివేల టపాకాయల సరం! “వద్దు మామా” అనేలోపే అవతల మేళం ఎత్తుకుంది. ఫోను తెగిపోయింది.

పక్కసీట్లో రౌషన్ నల్లరేగడి చేలను చూస్తోంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. కజకిస్తాన్‌లో, సోవియట్ వాళ్ళు అణుబాంబులు పేల్చి చూసుకున్న మైదానం పక్కపల్లెలో పుట్టింది, బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. జోతి సంఘం ఏమంత పెద్దది కాదు. ఎనిమిది మంది టీచర్లు. అణ్వాయుధాలు వద్దని సంతకాలు పోగుచేస్తారు, ఆ బాంబుల పాలబడి బతికినవాళ్ళకు ఉత్తరాలు రాస్తారు. ఆ ఉత్తరాల పరిచయంతోనే రౌషన్ విరుదునగర్ సభలో మాట్లాడటానికి వచ్చింది. ఆమె కోరింది ఒక్కటే: ఉన్నట్టుండి వెలుగు గానీ చప్పుడు గానీ వద్దు.

జోతి అందరికీ చెప్పింది. ఫొటోలు తీసేవాడికి ఫ్లాష్ వద్దంది, మైకు కీచుమంటే ఊరుకోనంది. టపాకాయల మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తాలని తోస్తే కదా! అగ్గిపెట్టెలూ టపాకాయలూ చేసుకు బతికే ఈ ఊళ్ళల్లో సరవెడిని చప్పుడు కింద ఎవరు జమకడతారు? అది పూలదండతో సమానం. పెళ్ళికొడుకు వచ్చినా పేలుస్తారు, మంత్రి వచ్చినా పేలుస్తారు, శవం లేచినా పేలుస్తారు.

మామకు నాలుగుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. సాత్తూరు వెనకబడింది. చీరకొంగు చెమటకు తడిసిపోయింది.

“సిపాయిలు వచ్చి మమ్మల్ని కాలవలో బోర్లా పడుకోమన్నారు,” రౌషన్ ఇంగ్లీషులో మెల్లగా, సభలో చెప్పబోయేది వల్లె వేసుకుంటున్నట్టు అంది. “నాకు ఆరేళ్ళు. మా అమ్మ నా మీద పడుకుంది. అయినా తల తిప్పి చూశాను. నలభై నిండకుండానే అమ్మ కేన్సర్‌తో పోయింది. ఇవాళ ఇదంతా చెప్పగలనో లేదో.”

జోతి ఇంకోసారి ఫోను నొక్కింది. ఈ ముసలామె గుండె ఆగిపోతే? అంతకంటే సిగ్గుపడాల్సిన భయం ఇంకొకటి ఉంది. జోతికి తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ పనిచేసే టపాకాయల షెడ్డు పేలిపోయింది. ఆ పిల్ల అప్పుడు అమ్మకు అన్నం క్యారియర్ పట్టుకుని రోడ్డు మీద ఉంది. అది మొదలు ప్రతి దీపావళికీ తలనొప్పి. గది తలుపు వేసుకుని తలమీద దిండు పెట్టుకుంటుంది. పాపం, అత్తగారు ఏటా కషాయం కాచి ఇస్తుంది. టపాకాయల సీమలో పుట్టి టపాకాయలంటే భయమంటే నవ్వరూ? అందుకే ఆ మాటే ఎత్తకుండా ఉండటం అలవాటైపోయింది.

మలుపు ఇవతలే కారు ఆపించింది. రౌషన్‌ను అద్దాలు ఎత్తుకుని లోపలే ఉండమని, పరుగెత్తింది.

ఎర్రటి సరం రోడ్డుపొడుగునా పడుంది. దాని తల గేటుదగ్గర, తోక జోతి కాళ్ళదగ్గర. అవతలి కొసన దామోదరసామి ఊదొత్తి పట్టుకుని నిలబడున్నాడు.

“వద్దు! వద్దు మామా!” రెండు చేతులూ ఊపింది. మేళంలో ఆ అరుపు ఎవరికి వినబడుతుంది? అతిథి వచ్చేసిందని కోడలు సంతోషంగా చెయ్యి ఊపుతోందనుకున్నాడు ఆ పెద్దమనిషి. వంగి నిప్పు పెట్టాడు.

తెల్లటి మంట రోడ్డు వెంబడి జోతి వైపే పరుగెత్తుకొచ్చింది. కారు దగ్గరికి వెళ్ళాలని ఆమెకు తెలుసు. కాళ్ళు మాత్రం కదల్లేదు. చెవులు మూసుకుని మట్టిలో బోర్లాపడింది. చేతిలో క్యారియర్ ఉన్నట్టే ఉంది. “అమ్మా” అని అరిచింది.

వీపుమీద బరువు పడింది. రౌషన్. కారు దిగి ఎప్పుడు వచ్చిందో, తన ఒళ్ళంతా జోతి మీద కప్పేసింది. చెవి దగ్గర ఏడుస్తూ ఇంగ్లీషులో ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది. “చూడకు. నువ్వు చూడకు.” ఆఖరి టపాకాయ పేలేదాకా లేవలేదు.

పొగలోంచి దామోదరసామి పరుగున వచ్చాడు. చేతిలో ఊదొత్తి ఇంకా వెలుగుతూనే ఉంది.

“అయ్యో, ఈయమ్మకి బయమని ఒక్క మాట చెప్పకూడదా, తల్లీ?”

జోతి లేచి రౌషన్‌ను పొదివిపట్టుకుంది.

“ఆమెకి మట్టుమే కాదు మామా,” అంది. “నాకూ బయమే. మాయమ్మ పోయిన నాటి నించి. నాకు ఏనాడూ తలనొప్పి లేదు.”

ఆయన ఊదొత్తిని మట్టిలో గుచ్చి ఆర్పాడు.