పుస్తకంలో లేని ఆయిల్

మూడోసారి ఆయిల్ మార్చినా ముల్లు మళ్ళీ పడిపోయింది.

మెకానిక్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఇరవై నిమిషాలు గట్టిగా తిప్పుకొచ్చి బండి ఆపితే చాలు, ఆయిల్ ప్రెషర్ చూపించే ముల్లు అడుక్కి జారుతుంది, పక్కనే ఎర్రదీపం మిణుకుమిణుకుమంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ ఏ గొడవా లేదు. అందుకే అతనికి ఒళ్ళు మండిపోతోంది.

ఆ కారు అతని మరదలిది. ఆమె పళ్ళ డాక్టరు. పదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి తొంగిచూసి విసుగెత్తిపోయిందని, పోయిన నెలలో సెకండ్‌హ్యాండ్‌లో ఈ స్పోర్ట్స్ కారు కొనుక్కుంది. రెండే సీట్లు, నేలకి జానెడెత్తు. ఎక్కడం సులువే, దిగడానికే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. నెలాఖరు ఆదివారం రేస్ ట్రాక్‌ని ఒక పూట మామూలు జనానికి వదులుతారని తెలిసి పేరు కూడా ఇచ్చేసింది. ఆలోగా బండిని సిద్ధం చేసే పని బావ నెత్తిన పడింది.

"ఏమైంది బావా?" షెడ్డు గుమ్మంలోంచే అడిగింది ఆమె.

"ఏముంది, మళ్ళీ అదే."

"చిక్కటి ఆయిల్ పొయ్యమని మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను. నెట్‌లో అందరూ అదే అంటున్నారు."

"అందరూ అదే అనట్లేదమ్మాయ్, నేనూ చూశాను. ఒకడు చిక్కటిదంటాడు, ఒకడు పల్చటిదంటాడు, ఇంకొకడు రెండూ కలపమంటాడు. నేను నీ క్లినిక్‌కొచ్చి, నెట్‌లో రాశారు ఈ పన్ను పీకెయ్యమంటే పీకుతావా?"

"పీకను. కానీ నొప్పి తగ్గలేదని మూడుసార్లొస్తే మూడుసార్లూ అదే మందు రాయను."

అతను దిగి కారు తలుపు ధడాలున వేశాడు.

ఆయిల్ డబ్బా మీద రెండంకెలు ఉంటాయి. మొదటిది చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, రెండోది వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. కారుతో వచ్చిన పుస్తకంలో ఆ రెండో అంకె ముప్పై అని స్పష్టంగా ఉంది. ఇరవై రెండేళ్ళుగా అతను పుస్తకం గీత దాటలేదు. తోచింది పోసుకుని ఇంజన్లు పాడుచేసుకున్నవాళ్ళు చివరికి తన షెడ్డుకే రావడం చాలాసార్లు చూశాడు. అందుకే ముందు ముప్పై పోశాడు. ముల్లు పడిపోతే, తప్పు ముల్లుదేమోనని సెన్సర్ మార్చి మళ్ళీ ముప్పై పోశాడు. ఇప్పుడు కంపెనీ మార్చి పోసిందీ ముప్పైయే.

మర్నాడు పొద్దున్నే ఆయిల్ ఫిల్టర్ విప్పి, రంపంతో కోసి, లోపలి కాగితం మడతలు ఒక్కొక్కటీ ఎండలో పరిచి చూశాడు. బేరింగులు అరిగి ఉంటే ఆ మడతల్లో లోహపు రజను మెరవాలి. నలకైనా కనిపించలేదు. అరిగిపోయినా బాగుండేదనిపించింది, కనీసం కారణమన్నా చేతికి దొరికేది. ఫిల్టర్ ముక్కల్ని విసిరికొట్టి, మళ్ళీ తనే వంగి ఏరుకున్నాడు.

ఆదివారం వచ్చింది, వెళ్ళిపోయింది. మరదలు ట్రాక్‌కి వెళ్ళలేదు. బావతో మాట మానేసింది. మధ్యలో ఆమె అక్కకి, అంటే మెకానిక్ భార్యకి, తల ప్రాణం తోకకొచ్చింది.

"నేనేమన్నా పోస్టాఫీసునా? దాని మాట మీకూ, మీ మాట దానికీ మొయ్యడానికి!" అని భర్త మీద విరుచుకుపడింది. ఆ వెంటనే, "ఏమండీ, ఆ కారు పుట్టి పన్నెండేళ్ళయిందన్నారు కదా. ఇన్నాళ్ళూ ఎవరింట్లో ఉందో, ఏం తిని పెరిగిందో కనుక్కున్నారా?" అంది.

అతను కనుక్కోలేదు. కారు అమ్మిన షోరూమువాళ్ళకి పాత యజమాని ఫోన్ నంబరు తప్ప మరేమీ తెలియదు, ఆ నంబరు పనిచెయ్యడం లేదు. అయితే డాష్‌బోర్డు అరలోని పాత కాగితాల్లో ఇంజన్ పని చేసినందుకు ఒక లేత్ వర్క్‌షాప్ ఇచ్చిన చీటీ దొరికింది.

ఆ చీటీ మీది అడ్రసు పట్టుకుని బావా మరదలూ ఆమె మామూలు కారులోనే బయల్దేరారు. దారిపొడుగునా ఎక్కడ తిరగాలో అతను చెబితే తిప్పింది, అంతే.

లేత్ మాస్టారికి డెబ్బై దాటాయి. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, ఫోన్‌లో కారు ఫొటో చూడగానే గుర్తుపట్టారు.

"ఇది నేను కట్టిన ఇంజనే. అప్పటి ఓనరుకి రేసుల పిచ్చి. గంటలకొద్దీ పరిగెత్తించేవాడు. అందుకని బేరింగుల దగ్గర సందు కాస్త ఎక్కువే వదిలాను. ఇప్పుడేం పోస్తున్నారు?"

"ముప్పై అండీ. పుస్తకంలో ఉన్నదే."

"ఆ పుస్తకం కంపెనీ ఇంజన్‌కి నాయనా, నా ఇంజన్‌కి కాదు. ఆ సందుల్లో వేడెక్కిన ముప్పై ఎక్కడ నిలుస్తుంది? కారిపోతుంది. అరవై పొయ్యాలి."

"చూశారా!" అంది మరదలు. వారం తర్వాత బావతో అన్న మొదటి మాట అది. "నేను చిక్కటిదే పొయ్యమన్నాను మాస్టారూ. ఇదిగో, ఇది."

మాస్టారు ఆమె ఫోన్ చూసి మొహం చిట్లించారు. "ఇది లారీలకి పోసుకునేదమ్మా! చిక్కగా ఉంటే సరిపోతుందా? చలిలో ఇది పైకెక్కేలోపు ఇంజన్ పైభాగం అరిగి ఊరుకుంటుంది. వేడిలో అరవై, చలిలో పది, రేసు బళ్ళకని అమ్ముతారు, అది పొయ్యండి. బాగా వేడెక్కేదాకా తొక్కొద్దు. అయినా ఇంత దూరం నన్ను వెతుక్కుంటూ రావడమెందుకు? ఆయిల్ పోసే మూతకి తీగ చుట్టి బిళ్ళ కట్టానే! దాని మీద అంకె కూడా గుద్దాను."

మెకానిక్‌కి అప్పుడు గుర్తొచ్చింది. మొదటిరోజు ఇంజన్ తుడుస్తుంటే మూతకి నల్లగా జిడ్డుపట్టి ఏదో వేలాడుతోంది. పాత ఓనరు తగిలించుకున్న చెత్త అనుకుని, తిప్పైనా చూడకుండా తీగ కత్తిరించి చెత్తడబ్బాలో పడేశాడు.

"బిళ్ళేం లేదండీ," అంది మరదలు. అతను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరిగొస్తుంటే సగం దారిలో ఉండబట్టలేక చెప్పేశాడు. ఆమె కారు పక్కకి తీసి ఆపింది.

"మళ్ళీ చెప్పండి."

"నేనే పీకేశాను. చదవకుండా."

"మూడు వారాలు బావా! పుస్తకం, పుస్తకం అని నా ప్రాణం తీశారు. బిళ్ళ మీద ఒక్కటంటే ఒక్క అంకె! అది చదవలేకపోయారా?"

"చదవలేకపోయాను. ఇంకేం చెప్పమంటావు?"

ఆమె స్టీరింగ్‌ని అరచేత్తో ఒక్కటి కొట్టింది. హారన్ మోగి, ఫుట్‌పాత్ మీద వెళుతున్న పెద్దాయన ఉలిక్కిపడి తిట్టిపోశాడు. ఇద్దరూ కలిసి ఆయనకి క్షమాపణ చెప్పుకున్నారు.

రెండు రోజులకి మాస్టారు చెప్పిన ఆయిల్ దొరికింది. పోసి, నింపాదిగా వేడెక్కించి, అరగంట గట్టిగా నడిపి షెడ్డు ముందు ఆపారు. ఎర్రదీపం వెలగలేదు. ముల్లు కాస్త దిగి, మధ్యలో ఆగి, అక్కడే ఉండిపోయింది. మెకానిక్ అద్దం మీద వేలితో తట్టి చూశాడు. కదల్లేదు. సంతోషించాలని అతనికి తెలుసు, సంతోషం మాత్రం రాలేదు. ఇంత చిన్న విషయానికా ఇన్ని తిప్పలు అని గొణుక్కున్నాడు.

"మళ్ళీ ట్రాక్ ఎప్పుడు వదులుతారట?" అడిగాడు.

"నాలుగు నెలల తర్వాత."

అతను ముందు దిగి, ఆమె దిగడానికి చెయ్యి అందించాడు.

"నా పేరు కూడా ఇవ్వు," అన్నాడు. "పక్క సీట్లో కూర్చుంటాను."

"నోరు మూసుకుని కూర్చుంటానంటేనే," అంది మరదలు, అతని చెయ్యి పట్టుకుని పైకి లేస్తూ.